720 నెగటివ్‌లు, ఒక డిజిటల్ కెమెరా: ప్రాజెక్టు డైరీ

పని ఇది. 35 మి.మీ. నెగటివ్ రీళ్లు 20: కలర్ 14, బ్లాక్ అండ్ వైట్ 6. ఆరేసి ఫ్రేముల చొప్పున కత్తిరించిన స్ట్రిప్‌లు 120, మొత్తం 720 ఫ్రేములు. స్కానర్ లేకుండా, చేతిలో ఉన్న డిజిటల్ కెమెరాతోనే ఒక్కో ఫ్రేమును ఫొటో తీసి, పాజిటివ్‌గా మార్చి, తోటి ఫొటోగ్రాఫర్ల ముందు పెట్టి "ఎలా ఉంది?" అని అడగదగ్గ స్థాయికి తేవాలి.

మొదటి 154 క్లిక్కుల్లో ఉంచుకోదగ్గ ఫ్రేము ఒక్కటీ రాలేదు. అవి ఎలా పోయాయో తెలిస్తే ఇదే పని తలపెట్టిన వాళ్లకు ఆ 154 మిగులుతాయి. అందుకే ఈ డైరీలో పాడైన ఫ్రేముల గురించే ఎక్కువ ఉంటుంది.

సామాను

- 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరా. సెన్సర్ 23.5 × 15.6 మి.మీ., బొమ్మ 6000 × 4000 పిక్సెళ్లు
- 60 మి.మీ. మాక్రో లెన్స్
- తెల్ల ఎల్ఈడీ ప్యానెల్, సీఆర్ఐ (వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కు పైన
- 3 మి.మీ. మందం పాలరంగు యాక్రిలిక్ షీటు
- పాత ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను కాగితం మీద ప్రింట్ చేసే యంత్రం) నుంచి తీసిన నిలువు స్తంభం, దాని బల్ల
- ఫోకసింగ్ రెయిల్ (మర ఒక చుట్టు తిప్పితే 1 మి.మీ. కదిలేది)
- చిన్న చదరపు అద్దం, స్పిరిట్ లెవల్, నల్ల అట్ట
- గాలి బల్బు, యాంటీస్టాటిక్ బ్రష్, నూలు గ్లౌజులు

కొలత: 35 మి.మీ. ఫ్రేము 36 × 24 మి.మీ. చుట్టూ కాస్త అంచు వదిలితే ఆ 36 మి.మీ. సెన్సర్ మీద 5700 పిక్సెళ్లలో పడుతుంది. అంటే మి.మీ.కు 158 పిక్సెళ్లు, అంగుళానికి సుమారు 4000. మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద పడే సైజుకూ అసలు సైజుకూ నిష్పత్తి) 0.62. కింద వచ్చే లెక్కలన్నీ ఈ 0.62 మీదే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే మాగ్నిఫికేషన్ 1కి దగ్గరపడుతుంది, ఫోకస్ లోతు (స్ఫుటంగా వచ్చే మందం) ఇంకా తగ్గిపోతుంది, కాబట్టి ఈ అంకెల్ని యథాతథంగా ఎత్తుకోకండి.

దశ 1: వెలుగు

ముందు టాబ్లెట్ తెర మీద తెల్ల పేజీ తెరిచి, దాని మీదే స్ట్రిప్ పరిచి తీశాం. చిన్న సైజులో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. 100 శాతానికి పెంచి చూస్తే ఫ్రేమంతా గళ్ల వల పరుచుకుని ఉంది. అంగుళానికి 264 పిక్సెళ్లున్న తెరలో ఒక్కో పిక్సెల్ 0.096 మి.మీ.; మన బొమ్మలో అది 15 పిక్సెళ్లు. ఆకాశం ఉన్న ఫ్రేముల్లో ప్రతి 15 పిక్సెళ్లకూ ఒక గీత కనిపించింది.

స్ట్రిప్‌ను తెర నుంచి 40 మి.మీ. పైకి లేపితే గళ్లు పోయాయి. కానీ తెర వెలుగు చాలదు, పైగా పక్కల నుంచి చూసే కోణంలో రంగు మారుతుంది కాబట్టి మూలలు నీలంగా వచ్చాయి. టాబ్లెట్‌ను పక్కన పెట్టి ఎల్ఈడీ ప్యానెల్‌కు మారాం.

ప్యానెల్‌తో రెండు పరీక్షలు. ఇవి చేయకుండా ముందుకు వెళ్లకండి.

1. మినుకు: ఎలక్ట్రానిక్ షటర్‌తో, 1/1000 సెకనులో, ఖాళీ ప్యానెల్‌ను తీయండి. అడ్డచారలు వస్తే వెలుగు మినుకుతోంది. మసకబార్చే మీట ఉన్న ప్యానెళ్లు తక్కువ వెలుగులో ఎక్కువ మినుకుతాయి. మాది 40 శాతంలో చారలిచ్చింది, 100 శాతంలో ఇవ్వలేదు. అందుకే పని పూర్తయ్యేదాకా 100 లోనే ఉంచాం.
2. సమానత: ఫిల్ము లేకుండా, నడిమి విలువ సగానికి వచ్చేలా తీసి, నడుమనూ నాలుగు మూలల్లోనూ రా (కెమెరా ఏ మార్పూ చేయని ముడి ఫైలు) విలువలు చదవండి.

మొదటి కొలతలో నడుమ 100 అనుకుంటే మూలలు 68. తప్పు ప్యానెల్‌దా లెన్స్‌దా తేల్చడానికి ప్యానెల్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీశాం. నీడ ప్యానెల్‌తోపాటు తిరిగితే ప్యానెల్ తప్పు. ఉన్నచోటే ఉంటే లెన్స్‌ది. మాకు చాలావరకు తిరిగింది. ప్యానెల్‌కూ ఫిల్ముకూ మధ్య పాలరంగు యాక్రిలిక్ పెట్టి, దాని నుంచి ఫిల్మును 40 మి.మీ. పైకి ఎత్తాక మూలలు 91కి వచ్చాయి. మిగిలిన 9 శాతం లెన్స్‌దే. దాన్ని దశ 6లో ఖాళీ ఫ్రేముతో భాగించి తీసేశాం.

ఆ 40 మి.మీ. ఎత్తు వల్ల ఇంకో లాభం ఉంది. యాక్రిలిక్ మీది దుమ్ము ఫోకస్‌కు చాలా దూరంగా ఉండిపోతుంది, బొమ్మలో మచ్చ పడదు. ఫిల్మును నేరుగా షీటు మీద పరిస్తే ప్రతి నలుసూ కనిపిస్తుంది.

చివరి మార్పు: ఫ్రేము పట్టే కిటికీ తప్ప ప్యానెల్ మొత్తాన్ని నల్ల అట్టతో మూసేశాం. చుట్టూ వెలుగు వదిలేస్తే అది లెన్స్‌లోకి చేరి బొమ్మను పాలిపోయేలా చేస్తుంది. గది లైటు కూడా ఆర్పాల్సిందే. పైనుంచి పడ్డ వెలుగు ఫిల్ము మెరుపు మీద తేలుతుంది.

ఇప్పటిదాకా: క్లిక్కులు 22. ఉంచుకున్న ఫ్రేములు 0.

దశ 2: సమాంతరం

ఎక్కువ ఫ్రేములు పోయింది ఇక్కడే.

ట్రైపాడ్ నడిమి కడ్డీని తలకిందులు చేసి, కెమెరాను కాళ్ల మధ్య వేలాడదీసి, రెండు రీళ్లు తీశాం. కెమెరా వెనక స్పిరిట్ లెవల్, ప్యానెల్ మీద స్పిరిట్ లెవల్, రెండూ నడుమనే ఉన్నాయి. 72 ఫ్రేములూ అయ్యాక పెంచి చూస్తే, ఎడమవైపు గ్రెయిన్ (ఫిల్ములోని సన్నని రేణువులు) ఇసుక చల్లినట్టు విడివిడిగా ఉంది; కుడివైపు అదే గ్రెయిన్ ముద్దగా ఉంది. ప్రతి ఫ్రేములోనూ అంతే. 72నూ పారేశాం.

ఎంత వంపుకు ఎంత నష్టమో లెక్క చూడండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దాటే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర, 0.62 మాగ్నిఫికేషన్‌లో, రెండు పిక్సెళ్ల మసకను ఒప్పుకుంటే ఫోకస్ లోతు మొత్తం 0.54 మి.మీ. వస్తుంది. కెమెరా 1 డిగ్రీ వంగితే 36 మి.మీ. పొడవున ఆ కొసకూ ఈ కొసకూ తేడా 0.63 మి.మీ. అంటే ఒక్క డిగ్రీతోనే లోతు మొత్తం అయిపోయింది, ఫిల్ము వంపుకు ఏమీ మిగల్లేదు. చిన్న స్పిరిట్ లెవల్‌లో బుడగ ఒక డిగ్రీ తేడాను స్పష్టంగా చూపించదు.

రెండు మార్పులు చేశాం. ట్రైపాడ్ తీసేసి ఎన్‌లార్జర్ స్తంభం బిగించాం. వేలాడే కడ్డీ కెమెరా బరువుకు మెల్లగా జారుతోంది, రీలు మొదట్లో ఉన్న ఫోకస్ చివర్లో ఉండటం లేదు. రెండోది, లెవల్ బదులు అద్దం.

అద్దంతో సరిచేసే పద్ధతి:

1. ఫిల్ము ఉండే చోట, అదే ఎత్తులో, అద్దాన్ని బోర్లా కాకుండా పైకి చూసేలా పరచండి. బల్ల మీద కాదు, ఫిల్ము హోల్డర్ మీదే.
2. గది లైటు వేసి, లైవ్ వ్యూలో ఫోకస్ రింగును దూరం వైపు తిప్పండి. లెన్స్ ముందు భాగం గుండ్రంగా అద్దంలో కనిపిస్తుంది.
3. తెర మీద గళ్లు వేసుకుని, ఆ గుండ్రం సరిగ్గా నడుమకు వచ్చేదాకా కెమెరాను వంచండి. లెన్స్ కొసకూ అద్దానికీ 100 మి.మీ. ఉంటే, 1 డిగ్రీ వంపుకు ప్రతిబింబం మూడున్నర మి.మీ. పక్కకు పోతుంది. కంటికి తేలిగ్గా దొరుకుతుంది.
4. మరలు బిగించాక మళ్లీ చూడండి. బిగించేటప్పుడే కెమెరా కదిలిపోవడం మాకు మూడుసార్లు జరిగింది.
5. అద్దం తీసి, ఫిల్ము పెట్టి, గ్రెయిన్ మీద ఫోకస్ చేయండి.

రుజువు కోసం కిటికీ ఎడమ అంచునూ కుడి అంచునూ పిక్సెళ్లలో కొలిచాం. ట్రైపాడ్‌తో ఎడమ 3808, కుడి 3793. ఆ 15 పిక్సెళ్ల తేడా దాదాపు ఒక డిగ్రీ వంపు. అద్దం తర్వాత తేడా 4 పిక్సెళ్లు, అంటే 0.3 డిగ్రీ కంటే తక్కువే. 36 మి.మీ.లో అది 0.19 మి.మీ. మిగిలిన 0.35 మి.మీ. ఫిల్ము వంపుకు ఇవ్వొచ్చు. ఈ 0.35 అనే అంకె గుర్తుపెట్టుకోండి, దశ 4లో దీనితోనే పని.

సమాంతరం పరీక్షలకు 14 క్లిక్కులు పట్టాయి.

ఇప్పటిదాకా: క్లిక్కులు 108. ఉంచుకున్నవి 0.

దశ 3: ఎపర్చర్

రెండు ఫ్రేములు, ఒక్కోటి అయిదు ఎపర్చర్లలో. ఫోకస్ గురి గ్రెయినే. ఫొటోలోని ముఖం మీదో చెట్టు మీదో ఫోకస్ చేయకండి. తీసిన రోజునే అది కాస్త మసకగా పడి ఉండొచ్చు. గ్రెయిన్ ఎప్పుడూ ఫిల్ములోనే ఉంటుంది.

దగ్గరి ఫొటోలో రాసి ఉన్న ఎపర్చర్ ఒకటి, పనిచేసేది ఇంకొకటి. రాసి ఉన్నదాన్ని 1.62తో (1 + 0.62) హెచ్చించాలి. ఎఫ్ 4 అంటే 6.5, ఎఫ్ 5.6 అంటే 9, ఎఫ్ 8 అంటే 13, ఎఫ్ 11 అంటే 18, ఎఫ్ 16 అంటే 26.

- ఎఫ్ 4: నడుమ బాగుంది. లోతు 0.27 మి.మీ. మాత్రమే, మూలలు పోయాయి.
- ఎఫ్ 5.6: గ్రెయిన్ అన్నిటికంటే స్ఫుటం. లోతు 0.38.
- ఎఫ్ 8: నడుమ 5.6 కంటే ఒక్క పిసరు మెత్తన. లోతు 0.54, మూలలు నడుమతో సమానం.
- ఎఫ్ 11: డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి వచ్చే మసక) కనిపిస్తోంది, గ్రెయిన్ అంచులు కరిగాయి.
- ఎఫ్ 16: వద్దు.

ఎఫ్ 8 ఖాయం చేశాం. ఫిల్ము అద్దంలా చదునుగా ఉంటే 5.6 నెగ్గేది. పాత స్ట్రిప్ అలా ఉండదు.

కదలిక సంగతి కూడా ఇక్కడే తేలింది. మామూలు షటర్‌తో 1/4 నుంచి 1/30 సెకను మధ్య గ్రెయిన్ ఒకవైపుకు సాగినట్టు వచ్చింది. పూర్తి ఎలక్ట్రానిక్ షటర్, 2 సెకన్ల టైమర్ పెట్టాక పోయింది. కొన్ని కెమెరాలు ఎలక్ట్రానిక్ షటర్‌లో రా ఫైలును 14 బిట్ల నుంచి 12కు దింపేస్తాయి. మీది అలాంటిదైతే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (ఎక్స్‌పోజర్ మొదలు మాత్రమే ఎలక్ట్రానిక్‌గా జరిగే అమరిక) చాలు.

ఇప్పటిదాకా: క్లిక్కులు 118. ఉంచుకున్నవి 0.

దశ 4: ఫిల్మును చదునుగా పట్టడం

ఫిల్ము మందం 0.13 మి.మీ. చుట్టుపక్కల. అంత పలచనిది ఏళ్ల తరబడి చుట్టలో ఉండి వస్తే ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) వైపుకు దోనెలా ముడుచుకుంటుంది. సొంతంగా చదును కాదు.

సులువని రెండు గాజుపలకల మధ్య పెట్టి ఒక రీలు తీశాం. 36 ఫ్రేముల్లో 11 చోట్ల రంగురంగుల వలయాలు వచ్చాయి. నీళ్ల మీద నూనె చుక్క పడితే తేలే రంగుల్లాంటివే: న్యూటన్ వలయాలు. ఫిల్ము మెరిసే వైపు గాజును తాకీతాకనట్టు ఉన్నచోట, మధ్యలోని సన్నని గాలిపొరలో వెలుగు అటూఇటూ తగిలి వస్తాయి. ఎమల్షన్ వైపు గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ వైపు దాదాపు రావు. వలయాల్ని సాఫ్ట్‌వేర్‌లో తుడవడం ఒక పట్టాన అయ్యే పని కాదు. పైగా రెండు గాజులంటే దుమ్ము పట్టే ముఖాలు నాలుగు పెరిగినట్టే. ఆ 36 కూడా పారేశాం.

గాజు లేని హోల్డర్ చేశాం. అట్టతో చేయొచ్చు, కొలతలు తప్పకపోతే చాలు.

1. 2 మి.మీ. మందం నల్ల అట్ట రెండు ముక్కలు, 200 × 80 మి.మీ.
2. రెండిటిలోనూ నడుమ 37 × 25 మి.మీ. కిటికీ. ఫ్రేము కంటే ఒక్కో మి.మీ. ఎక్కువ, ఎందుకంటే ఫ్రేము బయటి ఖాళీ ఫిల్ము కాస్త కనిపించాలి. కలర్ సరిచేయడానికి అదే ఆధారం.
3. కింది ముక్క మీద 35.3 మి.మీ. వెడల్పు దారి వచ్చేలా రెండు వైపులా సన్నని పట్టీలు. 35 కచ్చితంగా ఇస్తే స్ట్రిప్ ఇరుక్కుని ముడత పడుతుంది.
4. కిటికీ లోపలి అంచులకు గరుకు కాగితం పట్టి, నల్ల మార్కర్ పూయాలి. తెల్లటి అట్ట అంచు కనిపిస్తే వెలుగు వెదజల్లుతుంది.
5. పై ముక్కను అయస్కాంతాలతో బిగించాలి. స్ట్రిప్ రెండు పొడవాటి అంచుల్ని, అంటే పళ్లరంధ్రాలున్న భాగాన్ని, అది నొక్కి పట్టాలి.

వంపు కొలవడం: ఫ్రేము నడుమ గ్రెయిన్ మీద ఫోకస్ పెట్టి, లెన్స్ ముట్టుకోకుండా రెయిల్ మర తిప్పి మూలలో గ్రెయిన్ స్ఫుటమయ్యే చోటు చూడాలి. రెయిల్ కదిలినంత ఫిల్ము వంగి ఉంది. మామూలు స్ట్రిప్‌లలో 0.2 నుంచి 0.3 మి.మీ. వచ్చింది. 0.35 లోపలే కదా, చెల్లు.

ఇంకో చిన్న విషయం బాగా ఇబ్బంది పెట్టింది. స్ట్రిప్ హోల్డర్‌లో పెట్టగానే ఫోకస్ చేసి తీస్తే, ఆరేడు సెకన్ల తర్వాత అదే ఫ్రేము మసకబారుతోంది. ప్యానెల్ వేడికి ఫిల్ము నడుమ చటుక్కున ఉబుకుతోంది. దగ్గరగా వంగి పక్కనుంచి చూస్తే, ఫిల్ము మీద పడ్డ వెలుగు గీత ఒక్కసారిగా వంకర తిరగడం కనిపిస్తుంది. 40 మి.మీ. ఎత్తు ఉన్నా, గంటసేపు వెలిగిన ప్యానెల్ వేడి చాలు. స్ట్రిప్ పెట్టాక 10 సెకన్లు ఆగి, అది సర్దుకున్నాక ఫోకస్ చూసి తీయడం మొదలుపెట్టాం. అరగంటకోసారి ప్యానెల్ ఆర్పాం.

కొత్త హోల్డర్‌తో బ్లాక్ అండ్ వైట్ రీలు ఒకటి తీశాం. 36కు 36 నిలిచాయి.

ఇప్పటిదాకా: క్లిక్కులు 190. ఉంచుకున్నవి 36.

దశ 5: ఎక్స్‌పోజర్, కలర్ నెగటివ్‌ల దగ్గర

కలర్ నెగటివ్‌కు నారింజ రంగు ముసుగు ఉంటుంది. ఎరుపు ధారాళంగా దాటుతుంది, నీలం బాగా ఆగిపోతుంది. కెమెరా హిస్టోగ్రామ్ (వెలుగు విలువల గ్రాఫు) చూసి "కుడి అంచుకు తగల్లేదు" అనుకుని ఒక రీలు తీశాం. ఆ హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు, కెమెరా లోపల వైట్ బ్యాలెన్స్ వేసి చేసిన జేపెగ్‌ది. రా తెరిచి చూస్తే ఎరుపు ఛానెల్ గరిష్ఠం 16383కు అంటుకుపోయి ఉంది. నెగటివ్‌లో పలచగా ఉన్న చోట్లు పాజిటివ్‌లో నీడలు. అక్కడి ఎరుపు వివరం మొత్తం ఒకే విలువ అయింది. నల్లటి జుట్టు, ముదురు రంగు బట్ట ఒకే ముద్దగా వచ్చాయి, ఏ స్లైడర్ జరిపినా విడిపోలేదు. 36 మళ్లీ తీయాల్సి వచ్చింది.

మార్చిన పద్ధతి: రీలుకు ఒకే ఎక్స్‌పోజర్, మాన్యువల్‌లో. ఫ్రేముకో ఎక్స్‌పోజర్ ఇస్తే పాజిటివ్‌గా మార్చేటప్పుడు ప్రతి ఫ్రేముకూ రంగు విడిగా సరిచేయాలి, తల ప్రాణం తోకకొస్తుంది.

1. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, వైట్ బ్యాలెన్స్ ఏదైనా ఒకటి, మార్చకుండా.
2. రీలు మొదట్లోనో ఫ్రేముల మధ్యనో ఉన్న ఖాళీ ఫిల్మును తీయండి. నెగటివ్‌లో దానికంటే వెలుగైన చోటు ఉండదు.
3. రా విలువలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో దాని ఎరుపు గరిష్ఠంలో అయిదింట నాలుగు వంతుల దగ్గర ఉండేలా షటర్ మార్చండి.
4. ఆ షటర్‌తోనే రీలంతా.

మా ఖాళీ ఫిల్ము విలువలు: ఎరుపు 13500, ఆకుపచ్చ 9000, నీలం 4200. నీలం అంత కింద ఉంటే ఆకాశం ఉన్నచోట నాయిస్ (చుక్కల మచ్చలు) వస్తుంది. ప్యానెల్ మీద నీలపు 80ఏ ఫిల్టర్ పెట్టి చూశాం. వెలుగు రెండు స్టాపులు (అంటే నాలుగో వంతుకు) తగ్గి, షటర్ 1/15 నుంచి 1/4కి వెళ్లింది. విలువలు 13400, 11800, 8900 అయ్యాయి. నిలకడైన స్తంభం మీద రెండు స్టాపులు పోతే నష్టమేమీ లేదు. నీలంలో మచ్చలు బాగా తగ్గాయి. కలర్ రీళ్లన్నీ ఫిల్టర్‌తోనే తీశాం, బ్లాక్ అండ్ వైట్ అది లేకుండా. ఫిల్టర్‌ను లెన్స్‌కు పెట్టడం కంటే ప్యానెల్ దగ్గర పెట్టడం మేలు. దాని మీది గీతలు, వేలిముద్రలు బొమ్మలోకి రావు.

ఇప్పటిదాకా: క్లిక్కులు 262. ఉంచుకున్నవి 72.

దశ 6: పాజిటివ్‌గా మార్చడం

సాఫ్ట్‌వేర్‌లోని టోన్ కర్వ్‌ను తలకిందులు చేసి చూడటం అందరూ చేసే మొదటి ప్రయత్నమే. బ్లాక్ అండ్ వైట్‌కు ఫరవాలేదు. కలర్‌కు చేస్తే నీడల్లో ఒక రంగు, వెలుగుల్లో దానికి ఎదురు రంగు తేలుతాయి: నీడలు ఆకుపచ్చ, మబ్బులు గులాబీ. ఫిల్ములోని మూడు రంగుల పొరలకు మూడు రకాల కాంట్రాస్ట్ ఉంటుంది. ఒకే కర్వ్ మూడిటికీ పొసగదు.

పనిచేసిన వరస:

1. రా ఫైలును ఖాళీ వెలుగు ఫ్రేముతో భాగించాలి. మూలల 91 అప్పుడు 99కి వచ్చింది. ఈ పని పాజిటివ్‌గా తిప్పకముందే చేయాలి. తిప్పాక చేస్తే మూలలు తెల్లబడతాయి.
2. ఖాళీ ఫిల్ము విలువలతో ఒక్కో ఛానెల్‌ను భాగించాలి. నారింజ ముసుగు ఇక్కడ పోతుంది.
3. అప్పుడు తిప్పాలి.
4. ఛానెల్‌కు ఛానెల్ గామా (కాంట్రాస్ట్ వంపు) సరిచేయాలి. బూడిదరంగు వస్తువు ఉన్న ఫ్రేము ఒకటి రీలులో వెతుక్కోండి: సిమెంటు గోడ, తారు రోడ్డు లాంటివి. దాని నీడ భాగం, వెలుగు భాగం రెండూ బూడిదగా వచ్చేదాకా.
5. ఆ అమరికను రీలులోని మిగతా ఫ్రేములన్నిటికీ అతికించాలి.

డార్క్‌టేబుల్‌లోని నెగడాక్టర్, రాథెరపీలోని ఫిల్మ్ నెగటివ్ పరికరం ఇలాంటి లెక్కనే చేస్తాయి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఏది వాడినా ఫ్రేముకో ఆటో బటన్ నొక్కొద్దు. సాయంకాలపు ఎండలో తీసిన ఫ్రేము పసుపుగానే ఉండాలి. ఆటో దాన్ని మధ్యాహ్నంగా మార్చేస్తుంది.

ఎమల్షన్ లెన్స్ వైపు ఉండేలా తీస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. అంచున ఉన్న అక్షరాలు తిరగబడి కనిపిస్తే బొమ్మను అడ్డంగా తిప్పాలి. ఫ్రేములో బోర్డులు లేనప్పుడు ఇది ఎవరి కంటా పడదు, అందుకే మర్చిపోతారు.

దశ 7: మిగతా 18 రీళ్లు

ఒక స్ట్రిప్‌కు పట్టిన సమయం, బ్రష్‌తో సహా, 2 నిమిషాల 40 సెకన్లు. 108 స్ట్రిప్‌లకు 288 నిమిషాలు. ఏడు విడతల్లో పూర్తయింది. స్ట్రిప్ వరస:

1. గ్లౌజులతో అంచుల్ని పట్టుకుని, రెండు వైపులా గాలి బల్బు. నోటితో ఊదకండి, తుంపర పడితే ఎమల్షన్ మీద మచ్చ మిగులుతుంది.
2. బ్రష్ ఒకే దిక్కుకు ఒకసారి.
3. హోల్డర్‌లో పెట్టి, 10 సెకన్లు ఆగి, మొదటి ఫ్రేముకు ఫోకస్.
4. ఆరు ఫ్రేములు. నాలుగో ఫ్రేము దగ్గర ఫోకస్ మళ్లీ చూడాలి.

జిడ్డు వేలిముద్రలకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెరిసే వైపు మాత్రమే, మెత్తని గుడ్డతో. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే స్ట్రిప్ ఉంటే వెంటనే విడిగా పెట్టండి. అసిటేట్ బేస్ (ఫిల్ము ప్లాస్టిక్) కుళ్లుతోందని అర్థం. ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. వాటిని వరసలో ముందుకు తెచ్చి మొదట తీయాలి.

కొన్ని స్కానర్లలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు ఈ పద్ధతిలో లేదు. ఫైలులో నలుసులు తుడవడానికి ఫ్రేముకు 2 నుంచి 8 నిమిషాలు పట్టింది. అందుకే 720కీ చేయలేదు, చూపించదలచిన 60కే చేశాం. స్ట్రిప్ దగ్గర బ్రష్‌కు పెట్టిన పది సెకన్లు ఇక్కడ అయిదు నిమిషాలు మిగులుస్తాయి.

నిల్వ: రా ఫైలు ఒక్కోటి 28 ఎంబీ, 720కి 20 జీబీ. 16 బిట్ల టిఫ్ ఒక్కోటి 144 ఎంబీ; 60కి 8.6 జీబీ. రెండు డిస్కుల్లో, మూడో ప్రతి ఇంకో చోట.

ఇప్పటిదాకా: క్లిక్కులు 931 (ఖాళీ ఫిల్ము 14, ఖాళీ వెలుగు 7 కలిపి). ఉంచుకున్నవి 702.

దశ 8: చూపించడానికి సిద్ధం చేయడం

మొదట పెట్టిన ఆరు ఫొటోలకు "రంగులు చచ్చిపోయాయి" అని ఒకరూ, "చీకటిగా ఉంది" అని నలుగురూ చెప్పారు. రెండు మాటలూ నిజాలే, కారణాలు వేరు.

రంగుల సంగతి: ఫైలు విశాలమైన రంగు ప్రొఫైల్‌లో ఉంది, ఎగుమతిలో ప్రొఫైల్ రాలిపోయింది. ప్రొఫైల్ లేని ఫైలును చాలా తెరలు ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగు ప్రమాణం) అనుకుని చూపిస్తాయి, రంగులు పాలిపోతాయి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ జతచేశాక ఆ ఫిర్యాదు రాలేదు.

చీకటి సంగతి: ఎడిట్ చేసిన మానిటర్ వెలుగు చదరపు మీటరుకు 250 క్యాండెలాల దగ్గర ఉంది. అంత వెలుగులో సరిగ్గా కనిపించింది మామూలు తెర మీద మసకే. 110కి తగ్గించి ఆరూ మళ్లీ చేశాం. అప్పటినుంచి ఫొటో కింద సన్నని బూడిద పట్టీ కూడా జతచేస్తున్నాం: 0, 8, 16, 24 విలువల నాలుగు గళ్లు. ఆ గళ్లు విడివిడిగా కనిపించని వాళ్లు నీడల గురించి చెప్పిన మాటను ఫొటో తప్పుగా తీసుకోనక్కర్లేదు, తెర తప్పు.

ఎగుమతి వరస:

1. పొడవు వైపు 2048 పిక్సెళ్లకు తగ్గించడం. మెత్తగా తగ్గించే పద్ధతి ఎంచుకోండి. పదునుగా తగ్గిస్తే గ్రెయిన్ ఫిల్ములో లేనంత గరుకుగా కనిపిస్తుంది.
2. తగ్గించాకే షార్పెనింగ్, రేడియస్ 0.4 పిక్సెల్ దగ్గర, ముఖాల మీద ఇంకా తక్కువ.
3. ఎస్‌ఆర్‌జీబీ, 8 బిట్లు, జేపెగ్ నాణ్యత 88.
4. మెటాడేటా. ఫైలులో స్కాన్ చేసిన తేదీ, మాక్రో లెన్స్ పేరు పడి ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో అసలు తీసిన సంవత్సరం, ఫిల్ము పేరు, అప్పటి లెన్స్ రాయాలి. జీపీఎస్ తప్పకుండా తీసేయాలి: ఫొటో ఎక్కడ తీసినా, అందులో ఉండేది స్కాన్ చేసిన ఇంటి చోటు.

అభిప్రాయం అడిగేటప్పుడు ఫొటో ఒక్కటే పెడితే "బాగుంది" తప్ప ఇంకేమీ రాదు. మూడు కలిపి పెట్టాక పనికొచ్చే మాటలు వచ్చాయి: పూర్తి ఫొటో; 100 శాతంలో 1000 × 1000 పిక్సెళ్ల ముక్కలు (నడుమ నుంచి ఒకటి, మూల నుంచి ఒకటి); తిప్పని నెగటివ్ ఫ్రేము. పక్కన ఎపర్చర్, వెలుగు, సాఫ్ట్‌వేర్ రాసి, ఒక్క ప్రశ్న అడగాలి. "కుడి మూల ఫోకస్‌లో ఉందా?" అంటే జవాబు ఉంటుంది. మూల ముక్క చూసి, మా హోల్డర్ పై అయస్కాంతం ఒకటి బలహీనపడిందని పట్టుకున్నది చూసినవాళ్లే. ఆ స్ట్రిప్‌లను మళ్లీ కొలిచాం, వంపు 0.33 ఉంది. అయస్కాంతం మార్చాం.

దశ 9: మిగిలిన 18

మూడు స్ట్రిప్‌లు హోల్డర్‌కు లొంగలేదు. బిగించినా వంపు 2.1 మి.మీ. ఎఫ్ 11కు వెళ్లినా లోతు 0.74 మాత్రమే, చాలదు. ఫోకస్ మార్చుతూ నాలుగైదు క్లిక్కులు తీసి కలపాలని చూశాం. ఫిల్ము వేడికి మధ్యలో కదలడంతో గ్రెయిన్ జంటలుగా వచ్చింది, వదిలేశాం. వెనక్కి చుట్టి సరిచేయాలని చూడకండి, ఎమల్షన్ పగులుతుంది.

ఇప్పుడవి ఆమ్లం లేని కాగితాల మధ్య, చదునైన పలకల కింద, 4 కిలోల బరువుతో ఉన్నాయి. వారానికోసారి ఎత్తి, హోల్డర్‌లో పెట్టి కొలుస్తున్నాం.

- మొదట: 2.1 మి.మీ.
- 1వ వారం: 1.6
- 2వ వారం: 1.2
- 3వ వారం: 0.9

0.35 లోపలికి దిగాకే తీస్తాం.

మొత్తం: క్లిక్కులు 931 (కలపడానికి తీసి వదిలేసినవి కాకుండా). ఉంచుకున్నవి 702. బరువు కింద 18.